మురుక్కాలవకు మందుబిళ్ల వేస్తారా?

నాలుగు వానలు పడ్డాక బడిలో హాజరు పట్టీ చూస్తే చాలు, ఏ వీధిలో నీళ్లు నిలిచాయో చెప్పొచ్చు. పల్లె పిల్లల పేర్లకెదురుగా గైర్హాజరు గుర్తులే. ఒకడికి విరేచనాలు, ఒకడికి జ్వరం. ఇంకో పిల్ల జబ్బుపడ్డ తమ్ముణ్ణి చూసుకోడానికి ఇంటి దగ్గరే ఆగిపోయింది.

దీనికి పెద్దమనుషులు చెప్పే మాట ఒక్కటే: "వాళ్లకు శుభ్రత తెలీదు." మనోళ్లలోనూ కొందరు ఆ మాటే నమ్మి, తలరాత అనుకుని, అప్పు చేసి ఆర్.ఎం.పి. దగ్గర సెలైను ఎక్కించుకుని ఊరుకుంటున్నారు. నేనడుగుతున్నాను: ఊరికి పల్లంలో మనల్ని ఉంచిందెవరు? ఊరి మురుగు మన గడపల ముందుకు వచ్చేట్టు కాలవ తీసిందెవరు? మంచినీళ్ల గొట్టం కొసన మన కుళాయి పెట్టిందెవరు? నీళ్లు ఆగిన వేళ, పగిలిన గొట్టం పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు బిందెలో పడేది అదే. రోజుకు పదిసార్లు చేతులు కడుక్కున్నా ఆ నీళ్లతోనేగా కడుక్కునేది!

2018 మార్చిలో గుంటూరు నగరంలో మంచినీళ్లలో మురుగు కలిసి అతిసారం వచ్చింది. ఆనందపేట లాంటి పేదల పేటల్లో వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు. మన నల్లపాడు 2012లో ఆ నగరంలోనే కలిసింది. అది పక్కూరి సంగతి కాదు.

పగలంతా మిరప తొడిమలు తీసి, ఘాటుకు దగ్గుతూ ఇంటికొచ్చిన తల్లికి రాత్రి దోమలు, తెల్లారితే బిందెల వరస. ఆమె మంచాన పడితే కూలి పోతుంది, అప్పు పెరుగుతుంది, పెద్దపిల్ల బడి మానేస్తుంది. గొట్టం పగిలితే సంసారం కూలడమంటే ఇదే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్లకు పనికొచ్చింది, మంచిదే. కానీ ఆ కార్డు చూపిస్తే ఇంటిముందు మురుగు కదలదు.

నీళ్లది చిన్న సంగతనుకునేవాళ్లు కారంచేడును గుర్తు తెచ్చుకోవాలి. 1985 జూలైలో మాదిగపల్లె తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడిగితే, ఇదేమిటని అడిగినందుకే గొడవ మొదలైంది. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో దళితులు, గిరిజనులు వాడుకునే నీటిని ఇతరులు పాడుచేయడం నేరమని రాసుంది. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

మరి మనమేం చేయాలి? 1854లో లండనులో కలరా వచ్చి జనం చనిపోతుంటే అక్కడి పెద్దలు చెడుగాలి వల్లనన్నారు. జాన్ స్నో అనే డాక్టరు ఇల్లిల్లూ విచారించి, చావులను వీధి పటం మీద గుర్తు పెట్టాడు. ఎక్కువ గుర్తులు ఒక్క చేతిపంపు చుట్టూనే చేరాయి. ఆ పటం కంటే ముందే, చనిపోయినవాళ్ల లెక్క చూపించి ఆ పంపు పిడి తీయించాడు.

ఆ పని మన పల్లెలో పదో తరగతి పిల్లలు చేయగలరు. ఒక అట్ట మీద పల్లె పటం గీయండి. కాలవ, కుళాయి, బోరు, పెంటకుప్ప గుర్తించండి. జ్వరమో విరేచనాలో వచ్చిన ప్రతి ఇంటి మీదా చుక్క పెట్టి తేదీ రాయండి. మూడు నెలలు రాయండి. ఆ పటానికి సంతకాల అర్జీ జతచేసి అందరం ఆఫీసుకు పోదాం. నోటిమాటగా చెబితే "చూస్తాం లే" అని పంపేస్తారు. ఈసారి రశీదు చేతికి వచ్చేదాకా అక్కడే కూర్చుందాం.

మందు వద్దని నేననను. మందుతో పాటు మంచి గొట్టం, పారే కాలవ అడగమంటున్నాను. అడుక్కోవడం కాదు, అది మన హక్కు.

జై భీమ్!