అలిపిరి దగ్గర ఆగే బండి

తిరుపతికి చుట్టాలెవరొచ్చినా ఈ మధ్య ఒకటే మాట: "ఫ్లైఓవర్ భలే కట్టినారే, ఇంగ ట్రాఫిక్ ఉండదు కదా?" మొదటి సగం నిజమే. రెండో సగం గురించే ఈ వ్యాసం.

శ్రీనివాస సేతు మీద మన క్యాంటీన్‌లో రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీకి అది ఊరి దశ తిప్పిన అద్భుతం. ఇంకో పార్టీకి దండగ ఖర్చు. నేను ఏ పార్టీలోనూ లేను. సేతు తన పని తాను బాగానే చేస్తోంది, కానీ మనం దాని నుంచి ఆశిస్తున్న పని దాని చేతిలో లేదని నా అభిప్రాయం. అలిపిరి గేటు దగ్గర ఆగిపోయే బండిని ఊళ్లో కట్టిన వంతెన కదిలించలేదు. ఇంకో ఫ్లైఓవర్ వేద్దాం, ఉన్న రోడ్డు ఇంకా వెడల్పు చేద్దాం అనే ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకోవాలి.

ముందు చరిత్ర కొంచెం. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు 'గరుడ వారధి' పేరుతో శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక పేరు 'శ్రీనివాస సేతు' అయింది. 2022 మేలో కొంత భాగం తెరిచారు, 2023 సెప్టెంబరు 18న వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి మొత్తం కారిడార్‌ని ప్రారంభించారు. పొడవు సుమారు 7 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 650 కోట్లు. అందులో మూడింట రెండు వంతులు టీటీడీది, మిగతాది తిరుపతి స్మార్ట్ సిటీది. పని దాదాపు పూర్తవుతున్న టైంలో, 2023 జూలైలో, సెగ్మెంట్ కింద పడి ఇద్దరు కార్మికులు చనిపోయారు. పొట్టకూటి కోసం వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. పేరు ఏ పార్టీ పెట్టిందని కొట్టుకునేవాళ్లు ఆ ఇద్దరి గురించి మాట్లాడటం నేను వినలేదు.

సేతు వల్ల లాభం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. కొండకి పోయే యాత్రికుల బండి, బజారుకి పోయే మన స్కూటీ, ఆసుపత్రికి పోయే ఆటో, అన్నీ ఒకే రోడ్డు మీద గుద్దుకుంటూ పోయేవి. ఇప్పుడు దూరం నుంచి వచ్చే బండి పైన పోతుంది, ఊరి బండి కింద పోతుంది. బస్టాండు నుంచి కపిలతీర్థం దాకా బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఈ తేడా తెలుసు.

మరి పైన దూసుకుపోయిన బండి యాడికి పోతుంది? నంది సర్కిల్ దాటి అలిపిరికే. అక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. బండి ఆపాలి. మనుషులు దిగాలి. సామాన్లు స్కానింగ్‌కి పోవాలి. డిక్కీ చూస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు, డబ్బు కట్టే టైం కొంత తగ్గింది. కానీ తనిఖీ తనిఖీయే, దాన్ని తగ్గించకూడదు కూడా. 2003 అక్టోబరు 1న ఇదే అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద మందుపాతర పేల్చిన సంగతి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు.

ఇక్కడ మనం చదువుకున్న క్యూయింగ్ థియరీ పనికొస్తుంది. లెక్క కోసం అనుకుందాం: గేటు నిమిషానికి 25 బండ్లు వదలగలదు, 30 బండ్లు వస్తున్నాయి. గంటకి 300 బండ్లు క్యూలో మిగులుతాయి. ఇప్పుడు వచ్చే రోడ్డు బాగుపడి నిమిషానికి 40 వచ్చాయి. అదే గంటకి 900 మిగులుతాయి. గేటు మారలేదు, కొండ మారలేదు. ఊరంతా పరుచుకుని ఉండే క్యూ ఒకేచోట పోగయింది, అంతే.

గేటు సామర్థ్యం కన్నా తక్కువ బండ్లు వచ్చినా సమస్య ఉంటుంది. రాకలు క్రమం లేకుండా ఉండి, ఒకటే కౌంటర్ ఉందనుకుంటే, సామర్థ్యంలో 80 శాతం వాడుతున్నప్పుడు సగటున అక్కడ 4 బండ్లుంటాయి. 90 శాతానికి 9. 95 శాతానికి 19. అంచుకి దగ్గరయ్యేకొద్దీ క్యూ ఒక్కసారిగా పెరుగుతుంది. శనివారం, పురటాసి నెల, బ్రహ్మోత్సవాలు, వేసవి సెలవులు... మనం ఎప్పుడూ ఆ అంచు దగ్గరే ఉంటాం.

"అయితే గేట్లు పెంచండి" అంటారు. పెంచొచ్చు. కానీ గేటు వెనక ఉన్నది ఘాట్ రోడ్డు. మొదటి ఘాట్ 1944లో తెరిచారు, దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఉన్నారు. రెండోది 1970లలో వచ్చింది. ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. చుట్టూ ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, శేషాచలం బయోస్ఫియర్ రిజర్వు, ఎర్రచందనం అడవి. 2021 డిసెంబరులో వానలకి ఎక్కే ఘాట్ మీద పెద్ద బండరాళ్లు పడి రోడ్డు దెబ్బతింది. ఐఐటీ నిపుణులొచ్చి చూశారు. ఆ కొండని ఇంకా తొలిచి వెడల్పు చేద్దాం అనే సివిల్ ఇంజనీరు ఉంటే, ముందు ఆ ఫొటోలు చూడమంటాను. పైగా ఘాట్‌లో మరీ వేగంగా పోకూడదని కనీస సమయం రూలు కూడా ఉంది. అంటే కింద 7 కిలోమీటర్లు వేగంగా పోవడానికి వందల కోట్లు పెట్టాం, ఆ తర్వాత నెమ్మదిగా పోవాలని మనమే రూలు పెట్టుకున్నాం. ఆ రూలు సరైనదే. పైన దారి అంతే అయినప్పుడు కింద వేగం పెంచి సాధించేది ఎంత అన్నదే ప్రశ్న.

రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందన్న నమ్మకం మనదొక్కటే కాదు. మన సీనియర్లు బోలెడుమంది ఉన్న హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అని ఉంది. పాతబడిన ఆ రోడ్డుని, దాని మీది వంతెనలతో సహా తిరగగట్టి, 2008 నాటికి కొన్నిచోట్ల సర్వీసు రోడ్లతో కలిపి 26 లేన్లు చేశారు. సుమారు 280 కోట్ల డాలర్లు పోశారు. కొన్నాళ్లు బాగుంది. తర్వాత, 2011తో పోలిస్తే 2014లో సాయంత్రం రద్దీ వేళ ప్రయాణ సమయం సగానికి పైగా పెరిగింది. రోడ్డు ఖాళీగా కనిపిస్తే జనం దూరంగా ఇళ్లు కట్టుకుంటారు, బస్సు మానేసి కారు తీస్తారు. దీనికి మన పుస్తకాల్లో 'ఇండ్యూస్డ్ డిమాండ్' అని పేరు. ఇంకో పక్క సియోల్ చూడండి. ఊరి నడిమధ్య చియోంగ్యేచియోన్ మీదున్న పాత ఎలివేటెడ్ రోడ్డుని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005కి కింద పూడిపోయిన వాగుని బయటికి తెచ్చారు. అదే టైంలో బస్సుల వ్యవస్థని సరిచేశారు. ఊరు స్తంభించిపోలేదు. సేతుని కూల్చమని నేను అనడంలేదు, అపార్థం చేసుకోవద్దు. రోడ్డు పెంచితే బండ్లు పెరుగుతాయి, బస్సు పెంచితే మనుషులు కదుల్తారు అన్న పాఠం మాత్రం తీసుకుందాం.

ఇక కొత్తదాని మోజులో పాతవాటిని ఎలా వదిలేశామో చూద్దాం. 2021 అక్టోబరులో ఒక రాత్రి పెద్ద వాన. వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయి. కర్ణాటక నుంచి దర్శనానికి వచ్చిన కుటుంబం బండి అందులోకి దిగి మునిగింది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి చనిపోయింది. అదే ఊళ్లో, అదే రోజుల్లో, సేతు స్తంభాలు లేస్తున్నాయి. పాత అండర్ బ్రిడ్జికి నీటిమట్టం చూపే గీత, నీళ్లు నిలవగానే దారి మూసే గేటు, పనిచేసే పంపు పెట్టడానికి సేతు ఖర్చులో ఎన్నో వంతు పడుతుంది? దశాంశ బిందువు తర్వాత సున్నాలు లెక్కపెట్టుకోవాల్సిందే.

సేతు కూడా ఒకరోజు పాతదవుతుంది. ఐఆర్‌సీ కోడ్ ప్రకారం మామూలు వంతెనకి డిజైన్ ఆయుష్షు 100 ఏళ్లు. కానీ బేరింగులు, ఎక్స్‌పాన్షన్ జాయింట్లు అన్నేళ్లు రావు, మధ్యలో మార్చాలి. నీళ్లు పోయే గొట్టాలు ప్రతి వానాకాలం ముందు శుభ్రం చేయాలి. స్మార్ట్ సిటీ మిషన్ 2025 మార్చితో ముగిసింది. మిషన్లకి గడువుంటుంది, కాంక్రీటుకి ఆ సంగతి తెలియదు. అందుకే తనిఖీల షెడ్యూలు, దానికి ఏటా కేటాయించే డబ్బు జనానికి కనిపించేలా పెట్టమని ఇప్పుడే అడగాలి. పెచ్చులూడాక అడిగితే ఫలితం ఉండదు.

నేను కోరేది మూడు పనులు.

ఒకటి, ఊరి బయటే బండి ఆపించాలి. రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు, తిరుచానూరు వైపు పెద్ద పార్కింగులు, అక్కడ్నుంచి నేరుగా కొండకి ఎలక్ట్రిక్ బస్సులు. సామాన్ల తనిఖీ కూడా అక్కడే అయిపోవాలి, సీలు వేసిన బస్సు అలిపిరిలో ఆగకుండా పోవాలి. ఒక బస్సులో 45 మంది. కారుకి నలుగురైదుగురు చొప్పున తొమ్మిది, పదకొండు కార్లు తగ్గినట్టు. సేతు మీద ఒక లేను ఆ బస్సులకే ఇస్తే 650 కోట్లకి అసలైన విలువ వస్తుంది.

రెండు, దర్శనానికి టైం స్లాట్ ఉన్నట్టే కొండెక్కే సొంత బండికి కూడా స్లాట్ ఉండాలి. అందరూ ఒకేసారి రావడమే అసలు ప్రమాదం. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ఊళ్లో జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. అక్కడ తక్కువైంది రోడ్డు వెడల్పు కాదు. జనం రాకని పంచే ఏర్పాటు.

మూడు, సేతు కింద రోడ్డుని ఊరికి తిరిగివ్వాలి. ఫుట్‌పాత్, స్తంభాల మధ్య రోడ్డు దాటే చోట్లు, నీడున్న బస్‌స్టాపులు, కాలవలు. పైనపోయే బండికి 7 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా ఇచ్చాం, కింద ట్యూషన్‌కి పోయే పిల్లకి రోడ్డు దాటడానికి ఒక నిమిషం ఇవ్వలేమా?

"ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్నవాళ్లు బస్సు మారతారా?" అనేది న్యాయమైన ప్రశ్న. వాళ్లకీ దివ్యాంగులకీ స్లాట్‌లో మొదటి వంతు ఇద్దాం. బస్సులు మెట్లు తక్కువున్నవి కొందాం. "జీపు, టాక్సీ డ్రైవర్ల పొట్ట కొడతారా?" అనేది ఇంకా న్యాయమైన ప్రశ్న. ఊళ్లో వేల ఇళ్లు దానిమీదే నడుస్తున్నాయి. నిండుగా మనుషుల్ని ఎక్కించుకునే జీపుకి బస్సుతో సమానంగా స్లాట్ ఇవ్వాలి. ఇద్దరితో పోయే సొంత కారు కన్నా పదిమందితో పోయే జీపే కొండకి మేలు.

ఇవేవీ నా మాట మీద నమ్మక్కర్లేదు. ప్రాజెక్ట్ టాపిక్ కోసం నెట్‌లో వెతుక్కుంటున్న సివిల్ వాళ్లకీ, డేటాసెట్ దొరకలేదని ఏడుస్తున్న సీఎస్ఈ వాళ్లకీ ఒక పని చెప్తా. ఒక శనివారం, ఒక మంగళవారం, పొద్దున ఐదు నుంచి తొమ్మిది దాకా అలిపిరి దగ్గర నిలబడి లెక్కపెడదాం. నిమిషానికి ఎన్ని బండ్లొచ్చాయి, ఎన్ని పోయాయి, ఒక్కో బండిలో ఎంతమంది ఉన్నారు. వచ్చిన లెక్కని మున్సిపల్ కార్పొరేషన్‌కీ టీటీడీకీ ఇద్దాం, మన మ్యాగజైన్‌లో వేద్దాం. నా వాదన తప్పని ఆ లెక్క తేలిస్తే అదీ అచ్చు వేద్దాం. పేర్లు ఇచ్చేవాళ్లు క్లబ్ గ్రూపులో ఇవ్వండి, క్లిప్‌బోర్డులు నేను తెస్తా.