కిడ్నీ కూడా అమానత్తే

మొన్న జుమా నమాజ్ తర్వాత మా మామూ ఫోన్ చేశారు. "బేటా, ఉమ్రా వీసా వచ్చేసింది. పదిహేను రోజుల్లో ప్రయాణం" అన్నారు. ముబారక్ చెప్పాను గానీ లోపల గుబులు. మామూకి కిడ్నీ మార్చి ఇంకా ఏడు నెలలే. ఇచ్చింది మా ముమానీ. "డాక్టర్ సాబ్‌ని అడిగారా?" అంటే, "అల్లాహ్ ఇంటికి పోవడానికి డాక్టర్ ఇజాజత్ ఏంది?" అని నవ్వేశారు. ఏజెంటు ఇచ్చిన ఫారంలో ఆపరేషన్ సంగతే రాయలేదట. రాస్తే ఆపేస్తారని భయం.

ఈ ధోరణిని తవక్కుల్ అనుకోవడం నా దృష్టిలో గలత్. ఫర్జ్ అయిన హజ్‌కే ఇస్తితాఅత్ షరతు ఉంది. అందులో డబ్బు ఒక్కటే కాదు, సేహత్ కూడా ఉంది. ఉమ్రా అయితే ఏడాది పొడుగునా చేయొచ్చు. మార్పిడి జరిగిన మొదటి ఏడాది ఇలాంటి ప్రయాణాలు వద్దంటారు డాక్టర్లు. కొత్త కిడ్నీని ఒళ్ళు తిప్పికొట్టకుండా రోగనిరోధక శక్తిని మందులతో బాగా తగ్గించి ఉంచే కాలం అది. ఆ కొన్ని నెలలు ఆగితే సవాబ్ ఎక్కడికీ పోదు.

ఏడాది దాటాక వెళ్ళొచ్చు, ఎంతోమంది వెళ్ళొస్తున్నారు. కానీ తయారీ కావాలి. మక్కా ఉష్ణమండలంలోనే ఉంది. 2024 హజ్‌లో హరమ్ దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది. ఆ హజ్‌లో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. ఒంట్లో నీళ్ళు తగ్గితే ముందు దెబ్బ తినేది కిడ్నీయే. విరేచనాలు పట్టుకుంటే టాక్రోలిమస్ మందు రక్తంలో పెరిగిపోతుంది, అది కిడ్నీకి జహర్. అందుకే తవాఫ్ రాత్రిపూట చేసుకోవాలి. కాళ్ళు నొప్పులని డైక్లోఫినాక్, బ్రూఫెన్ మింగకూడదు. వీల్‌చైర్‌లో తవాఫ్ చేయడంలో షర్మ్ ఏమీ లేదు. తబర్రుక్ అని ఎవరిచ్చినా పచ్చి ఒంటెపాలు తాగొద్దు.

టీకాల దగ్గర ఇంకా జాగ్రత్త. మెనింజైటిస్ టీకా తప్పనిసరి, అది చేయించుకోవచ్చు. చేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. కానీ హజ్ క్యాంపుల్లో వరుసలో నిలబెట్టి వేసే పోలియో చుక్కల్లో బతికున్న క్రిమి ఉంటుంది. అవయవ మార్పిడి అయినవాళ్ళు అవి వేసుకోకూడదు, బదులు ఇంజక్షన్ ఉంది. ఫారంలో నిజం దాచిన మనిషికి ఆ వరుసలో ఎవరు చెప్తారు?

మందులు ఒక్క పూట తప్పినా ఖతర్. సామాను బ్యాగులో కాదు, చేతి సంచిలోనే పెట్టుకోవాలి. రావాల్సిన రోజుకంటే వారం పది రోజులకు ఎక్కువే ఉండాలి, డాక్టర్ రాసిచ్చిన చీటీతో సహా. సౌదీ టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. మందుల వేళ ఎలా మార్చుకోవాలో ముందే అడిగి రాసుకోవాలి. జిద్దా, మక్కాల్లో డెంగీ దోమలు ఉన్నాయి. ఇహ్రామ్‌లో ఖుష్బూ వాడకూడదు కాబట్టి వాసన లేని దోమల మందు, వాసన లేని ఎండ క్రీము ఇక్కడే కొనుక్కోవాలి. మగవాళ్ళు ఇహ్రామ్‌లో తల కప్పుకోకూడదు, గొడుగు పట్టుకోవచ్చు.

ఇవన్నీ చెప్తే మామూ నారాజ్ అయ్యారు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి ముమానీయే ఆయనతో అన్నదట: "కిడ్నీ ఇచ్చింది నేను. పోయే ముందు నన్నొక మాట అడగాలి కదా!"

ఆ మాటకు మామూ దగ్గర జవాబు లేదు. టికెట్లు రద్దు చేశారు. ఏజెంటు సగం పైసలే వాపస్ ఇస్తానన్నాడు, ఆ గొడవ ఇంకా నడుస్తోంది. చలికాలం దాకా ఆగి, డాక్టర్ సరేనంటే ఇద్దరూ కలిసి వెళ్తారు, ఇన్షాఅల్లాహ్. ఈసారి ఫారం నేనే నింపుతాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి మామూ ఉంటే ముబారక్ చెప్పే ముందు ఒక్క సవాల్ అడగండి.