చలికాలపు ఉదాసీకి ఈమాన్‌ని తప్పు పట్టకండి



నవంబరు వచ్చిందంటే ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో ఉన్న మన పిల్లల నుంచి ఇంటికి ఫోన్లు తగ్గుతాయి. చేసినా రెండు నిమిషాలే. "గొంతు అదోలా ఉందేంటి బేటా?" అని అమ్మీ అడిగితే "ఏం లేదమ్మీ, నిద్ర చాల్లేదు" అంటారు. నిజానికి పది గంటలు పడుకుని ఉంటారు. ఇక ఇటువైపు తఫ్తీష్ మొదలవుతుంది. నమాజులు చదువుతున్నావా? తిలావత్ మానేశావా? ఎవరిదైనా నజర్ తగిలిందా? చివరికి ఒక ఫైసలా: "దీన్‌కి దూరమయ్యావు, అందుకే దిల్‌కి సుకూన్ లేదు."

ఈ ఫైసలా మీదే నా అభ్యంతరం. కర్నూలు ఎండలో పెరిగి, మాంచెస్టర్‌లో తొమ్మిది చలికాలాలు గడిపినదాన్ని కాబట్టి చెప్తున్నాను. ఏటా చలికాలంలో వచ్చి, ఎండలు రాగానే పోయే ఉదాసీ ఒక బీమారీ. వెలుతురు కరువవడంతో దానికి సంబంధం ఉంది. దానికి ఇలాజ్ ఉంది. ఆ ఇలాజ్‌కి మన దీన్ ఎక్కడా అడ్డం రాదు. అడ్డం వస్తున్నవి మన మాటలే.

ముందు ఇక్కడి పగలు ఎంతో చూడండి. డిసెంబరు 21న కర్నూలులో కూడా ఏడాదిలో అతి చిన్న పగలే, కానీ అది 11 గంటల పైనే ఉంటుంది. అదే రోజు మాంచెస్టర్‌లో ఏడున్నర గంటలు. ఎడిన్‌బరోలో ఏడు గంటలు కూడా నిండవు. మాంచెస్టర్‌లో సూర్యుడు ఉదయం 8:20 దాటాక వస్తాడు, సాయంత్రం 4 కాకముందే వెళ్లిపోతాడు. ఆ మధ్యలో కూడా చాలా రోజులు మబ్బే. జుహ్ర్ చదివి కాసేపు కూర్చునేలోపు అస్ర్, టీ పెట్టుకునేలోపు మగ్రిబ్. ఆరు గంటల ప్రాంతంలో ఇషా వక్త్ కూడా వచ్చేస్తుంది. ఆ తర్వాత మిగిలేది పొడుగాటి రాత్రి.

ఇందులో మన వాళ్ల జిందగీ ఎలా ఉంటుందో ఊహించండి. గోడౌన్‌లో పొద్దున షిఫ్ట్‌కి వెళ్లే స్టూడెంట్ చీకట్లో బస్సెక్కి, చీకట్లోనే దిగుతాడు. వారంలో ఐదు రోజులు ఎండ ముఖం చూడడు. భర్త ఉద్యోగం మీద వచ్చిన కొత్త కోడలు కిటికీ తెరలు కూడా తీయని ఇంట్లో, మాట్లాడే మనిషి లేక కూర్చుంటుంది. బయట చలి, దారులు తెలియవు, తోడెవరూ లేరు. కర్నూలులో ఉంటే మేడ మీద బట్టలు ఆరేయడానికైనా ఎండలోకి వెళ్లేది.

దీనికి డాక్టర్లు పేరు పెట్టి నలభై ఏళ్లు దాటింది. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ దీన్ని వివరంగా రాసి, సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్ అన్నారు. ఆ డాక్టర్ కూడా సౌతాఫ్రికా ఎండలో పెరిగి, అమెరికా చలికాలంలో తన మనసు మందగించడం గమనించినవాడే. మన పిల్లల లాంటి పరదేశీయే.

ఇది ఒంట్లో పని చేసే తీరు పూర్తిగా తేలలేదు గానీ ఒక సంగతి తెలుసు. కంట్లోకి వెళ్లే పొద్దుటి వెలుతురు మెదడులో ఉన్న గడియారాన్ని సరిచేస్తుంది. చీకట్లో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరి నిద్ర తెస్తుంది, వెలుతురు పడితే తగ్గుతుంది. పొద్దున వెలుతురు దొరక్కపోతే ఈ గడియారం వెనకబడుతుంది. శరీరం లేచినా మెదడు ఇంకా రాత్రిలోనే ఉంటుంది.

అలామత్‌లు కూడా మామూలు డిప్రెషన్‌కి కొంచెం వేరుగా ఉంటాయి. నిద్ర పట్టకపోవడం కంటే నిద్ర ఎక్కువవడం, ఎంత పడుకున్నా అలసట తీరకపోవడం. అన్నం, రొట్టె, మిఠాయిల మీద ఆశ పెరగడం, బరువు పెరగడం. చదువు మీద ధ్యాస నిలవకపోవడం. ఇష్టమైన పనుల మీద కూడా దిల్ లేకపోవడం, దోస్తుల్ని తప్పించుకోవడం. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి తేలికపడడం, మళ్లీ మరుసటి చలికాలంలో తిరిగి రావడం. ఇది చూసి "బద్ధకం, పడుకుని తింటున్నాడు" అనుకోవడం ఎంత సులువో చూడండి.

ఇప్పుడు ఈమాన్ సంగతి. గమ్ రావడమే ఈమాన్ లోపమైతే హజ్రత్ యాఖూబ్ అలైహిస్సలాం గురించి ఏమంటారు? కొడుకు యూసుఫ్ కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడ్డాయని ఖురాన్‌లోనే ఉంది. సబ్రె జమీల్ అనే మాటకి మనం మిసాల్‌గా చెప్పుకునేదీ ఆయన్నే. అంటే సబ్ర్, కన్నీళ్లు ఒకే మనిషిలో ఉండొచ్చు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం హజ్రత్ ఖదీజా రజియల్లాహు అన్హాని, పెదనాన్న అబూ తాలిబ్‌ని కోల్పోయిన ఏడాదిని సీరత్ పుస్తకాలు ఆముల్ హుజ్న్ అని రాశాయి, అంటే గమ్ నిండిన సంవత్సరం అని. ఆయన నేర్పిన దువాల్లో దిగులు నుంచి, గమ్ నుంచి పనాహ్ కోరేది ఒకటి. అసలు మోమిన్‌కి దిగులే రాకూడదంటే ఆ దువా ఎందుకు?

సుమారు 1100 ఏళ్ల క్రితం బల్ఖ్ ఇలాఖాకి చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే ఆలిమ్, ఒంటి సేహత్ గురించీ నఫ్స్ సేహత్ గురించీ కలిపి ఒక కితాబ్ రాశాడు. అందులో గమ్‌ని రెండు రకాలు చేశాడు. ఒకటి కారణం తెలిసిన గమ్, రెండోది కారణం కనపడని గమ్. రెండోదాని జడ్ శరీరంలో ఉంటుందని, శరీరానికి ఇలాజ్ చేయాలని చెప్పాడు. అది 10వ శతాబ్దంలో మన ఆలిమ్ ఒకరు రాసిన మాట. 21వ శతాబ్దంలో మనం తావీజ్ కొరియర్ చేస్తున్నాం.

ఇక్కడ కొందరు బుజుర్గులు అడుగుతారు: "మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి?" మీ కాలంలో మీరు కర్నూలులో, కడపలో, గుంటూరులో ఉన్నారు నానా. మీ పగలు 11 గంటలకి తగ్గలేదు. పని చేసినా, బజారుకెళ్లినా, మస్జిద్‌కి నడిచినా ఎండలోనే. ఇంకొందరు, దవా వాడితే తవక్కుల్ తగ్గినట్టు అంటారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, బీపీకి గోలీ వేసుకుంటూ ఆ మాట అంటారు. ఒంటెని కట్టేసి తవక్కుల్ చేయమన్న హదీస్ జుమా బయాన్‌లో ఎన్నిసార్లు వినలేదు?

నమాజ్‌తో ఫాయిదా లేదని నేను అనడం లేదు. ఇక్కడి చలికాలంలో రోజుకి ఒక రూపం ఇచ్చింది నాకు నమాజే. కానీ ఫాయిదా పూర్తిగా దొరకాలంటే ఒక జాగ్రత్త కావాలి. డిసెంబరులో ఫజ్ర్ ఆరున్నర ప్రాంతంలో మొదలవుతుంది, ఇంకా చిమ్మచీకటే. చదివి మళ్లీ దుప్పట్లోకి వెళ్తే, సెలవు రోజున లేచేసరికి పది. అప్పటికి పొద్దుటి వెలుతురు సగం అయిపోయింది. నేను నా చెల్లెళ్లకి చెప్పేది ఇదే: ఫజ్ర్ తర్వాత కాస్త పడుకున్నా ఇష్రాఖ్ వేళకి లేవండి, తెరలు తీయండి, కోటు తొడుక్కుని అరగంట బయట నడవండి, వచ్చి చాష్త్ నమాజ్ చదవండి. మబ్బు పట్టినా సరే. ఇంట్లో బల్బు వెలుతురు సాధారణంగా కొన్ని వందల లక్స్‌లే. బయట మబ్బు పగలు కూడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పనిలో ఉన్నవాళ్లు జుహ్ర్‌కి బ్రేక్ తీసుకుంటే, వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో పది నిమిషాలు బయట తిరగండి. ఆ పగటిపూటే మీకు మిగిలిన వెలుతురు.

దీంతో సరిపోనివాళ్లకి లైట్ బాక్స్ ఉంది. 10,000 లక్స్ ఇచ్చేది తీసుకుని, నిద్ర లేచిన గంటలోపు 20 నుంచి 30 నిమిషాలు దాని ముందు కూర్చోవాలి. సూటిగా దాన్నే చూడనక్కర్లేదు, టీ తాగుతూనో తిలావత్ చేసుకుంటూనో కూర్చోవచ్చు. ఎంత దూరంలో కూర్చోవాలో బాక్స్ మీద రాసి ఉంటుంది. రాత్రిపూట వాడితే ఉన్న నిద్ర కూడా పోతుంది. కంటి జబ్బు ఉన్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు, వెలుతురుకి ఒళ్లు రియాక్ట్ అయ్యే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకండి.

విటమిన్ డి గురించి రెండు మాటలు. అక్టోబరు నుంచి మార్చి వరకు రోజుకి 10 మైక్రోగ్రాములు తీసుకోవడం గురించి అందరూ ఆలోచించాలని బ్రిటన్ ప్రభుత్వ సలహా. చామనఛాయ వాళ్లూ, ఒంటిని కప్పుకుని తిరిగేవాళ్లూ ఏడాదంతా తీసుకోవడం మంచిదంటారు. అంటే మనమే. జెలటిన్ గురించి షక్ ఉంటే జెలటిన్ లేని గోలీలు, స్ప్రేలు దొరుకుతాయి. అయితే ఇండియా నుంచి తెచ్చిన 60,000 యూనిట్ల సాచెట్లు టెస్ట్ లేకుండా వారం వారం వేసుకోకండి. విటమిన్ డి ఎముకలకి జరూరీ, ఉదాసీకి అదొక్కటే దవా అనుకుని ఆగిపోవద్దు.

రెండు వారాలు దాటినా మనసు తేరుకోకపోతే, చదువు గానీ పని గానీ పాడవుతుంటే జీపీ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్, రక్తహీనత కూడా ఇలాగే అలసట తెస్తాయి. మన ఆడవాళ్లలో ఆ రెండూ చాలానే చూస్తాం. ఇంగ్లండ్‌లో టాకింగ్ థెరపీకి జీపీ చెప్పకుండా మీరే పేరు ఇచ్చుకోవచ్చు. డాక్టర్ గోలీలు రాస్తే వాడండి, ఎండలు రాగానే మీ అంతట మీరు ఆపకండి. ముస్లిం మాహోల్ తెలిసినవాళ్లతో మాట్లాడాలనుకునే యువతకి ముస్లిం యూత్ హెల్ప్‌లైన్ ఉంది. బతుకు మీద విరక్తి వచ్చే ఖయాల్‌లు వస్తుంటే ఆలస్యం వద్దు: బ్రిటన్‌లో సమారిటన్స్ 116 123, ప్రాణం మీదికి వస్తే 999. ఇండియాలో టెలీ మానస్ 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. ఖుద్‌కుషీ హరామ్ అని మనకి తెలుసు. ఆ ఖయాల్‌తో పోరాడుతున్న పిల్లాడికీ తెలుసు. అప్పుడు ఫత్వా కంటే ముందు పక్కన కూర్చునే మనిషి కావాలి.

నా అసలు దరఖాస్తు ఊళ్లో ఉన్న అమ్మీలకి, అబ్బాలకి. మీ బిడ్డ ఎందుకు చెప్పడో తెలుసా? మీరు లక్షలు అప్పు చేసి పంపారు. "బాగాలేదు" అంటే మీ ఖర్చుకి నాషుక్రీ చేసినట్టవుతుందని భయం. పైగా ఈమాన్ మీద సవాల్ వస్తుందని ఇంకో భయం. అందుకని ఫోన్‌లో నమాజ్ లెక్క అడిగే ముందు నాలుగు సవాళ్లు అడగండి: ఇవాళ ఎండ చూశావా? బయటికి వెళ్లావా? ఏం తిన్నావు? ఎవరితో మాట్లాడావు? వాళ్లు పనికి వెళ్లే దారిలో, అక్కడ వెలుతురున్న వేళ వీడియో కాల్ చేయండి. నడుస్తూ మాట్లాడమనండి. "డాక్టర్ దగ్గరికి వెళ్లు బేటా, నేను దువా చేస్తాను" అనే ఒక్క మాటలో దవా, దువా రెండూ ఉన్నాయి.

ఇక్కడి భర్తలకి కూడా ఒక మాట. శనివారం సామాన్లకి సాయంత్రం చీకట్లో కాకుండా మధ్యాహ్నం వెళ్లండి, బీవీని వెంట తీసుకెళ్లండి, పార్కు మీదుగా నడిచి రండి. మస్జిద్ కమిటీ పెద్దలు చలికాలంలో ఆడవాళ్ల దర్స్‌ని మగ్రిబ్ తర్వాత కాకుండా పగలు పెట్టండి, నేలమాళిగ గదిలో కాకుండా కిటికీలున్న గదిలో పెట్టండి. వీటికి చందా కూడా అక్కర్లేదు.

చలికాలం ఇబాదత్‌కి మంచి మౌసమ్ అని మన బుజుర్గులు అనేవారు. రోజా చిన్నది, రాత్రి పెద్దది. ఖజా రోజాలు తీర్చుకోవడానికి ఇదే వీలైన కాలం. కానీ ఆ బర్కత్ అందుకోవాలంటే మంచం మీద నుంచి లేచే తాకత్ ఉండాలి కదా. ఆ తాకత్ లేనివాళ్లని ముందు లేపుదాం, లెక్కలు తర్వాత.

ఇంటికి దూరంగా, చీకటి మౌసమ్‌లో ఉన్న మన పిల్లలందరికీ అల్లాహ్ సేహత్‌నీ, సుకూన్‌నీ, మంచి తోడునీ ప్రసాదించుగాక. వాళ్ల మాట వినే హౌసలా మనకీ ఇచ్చుగాక. ఆమీన్.