పార్కులో నీడ కూడా ఆరోగ్యానికే

షుగరు, బి.పి. ఉన్నవారిని రోజూ నడవమని మేము చెబుతుంటాం. నడిచి అలసిన పెద్దలు కూర్చోవడానికి పార్కులో నీడ లేకపోతే ఆ సలహా ఎలా పాటిస్తారు? 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. నీడ విలువ మనకు తెలియనిది కాదు.

యోనా ప్రవక్తకు నీడనిచ్చిన సొరచెట్టు మరునాడే వాడిపోయింది. మన పార్కు షెడ్లు అలా కాకూడదు.

చవకని ఆస్బెస్టాస్ రేకులు వేయవద్దు. వాటిని కోసినా, పగిలినా లేచే సన్నని పోగులు ఊపిరితిత్తుల క్యాన్సరుకు కారణమవుతాయి. ఇనుప రేకు వేస్తే పైన తెల్లరంగు వేయాలి, లేకపోతే కింద సెగ కొడుతుంది. కప్పు ఎత్తుగా, పక్కలు తెరిచి ఉంటే గాలి ఆడుతుంది. స్తంభాలకు జింకు పూత ఉండాలి. వాటిని కాంక్రీటు పునాదిలో దించి, కప్పును బోల్టులతో గట్టిగా బిగించాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖలో చేసిన నష్టం మరచిపోలేము. మోకాళ్ల నొప్పులవారికి చేతులున్న బెంచీలు, మెట్టు లేని దారి కావాలి.

మీ వార్డులో పార్కు పనులు మొదలైతే సంఘ పెద్దలతో కలిసి వెళ్లి ఇవన్నీ అడగండి. ప్రారంభోత్సవం అయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.