పెంపుడు ఊసరవెల్లి కాళ్లు

అమెరికాలో కాపురమున్న సోదరీమణి యొకరు, తమ కుమారుడు పెంచు యెమెను దేశపు ఊసరవెల్లి కొమ్మ పట్టలేక జారుచున్నదనియు, కాళ్లకు బద్దలు కట్టవచ్చునా యనియు వ్రాసిరి. (మన తోటలలోని ఊసరవెల్లిని ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము, అచ్చట ఆ జాతిని అంగళ్లలో అమ్ముదురు.)

అమ్మా, కట్టవలదు. నొక్కియు చూడరాదు, మెత్తబడిన యెముక ఆ నొక్కుడుకే విరుగును. కంటితో చూడుడు. ఆరోగ్యముగల ఊసరవెల్లి వ్రేళ్లు రెండు గుంపులై పట్టకారువలె కొమ్మను బిగియబట్టును. ఒక్క కాలే వ్రేలాడుచున్నచో పడి విరిగియుండవచ్చును. ఒక్క కీలే వాచినచో లోపల చీము పట్టినదో, యూరికామ్లము పేరుకొన్నదో. విడువని కుబుసము దారమువలె వ్రేలికి చుట్టుకొన్నదేమో యదియు చూడవలెను. అట్లుగాక ముంగాళ్లు రెండును విల్లువలె వంగి, మోచేయి క్రింద మరియొక మోచేయి యున్నట్లు తోచి, నడకలో వణకును, దవడలో మెత్తదనమును కనబడెనేని, అది కాల్షియము చాలని యెముకల జబ్బు.

పంజరము కిటికీ యద్దము వెనుక నున్నదట. ఎండ కనబడుచునే యుండును గాని, ఎముకకు వలయు అతినీలలోహిత కిరణములను అద్దము చాలవరకు ఆపివేయును! ఆ కిరణముల నిచ్చు దీపము వేరుగా కలదు. ఆహారముగా వేయు కీచురాళ్లలో భాస్వరము హెచ్చు, కాల్షియము తక్కువ. కనుక వానిపై కాల్షియపు పొడి చల్లవలెను. ఎంత చల్లవలెనో సరీసృపముల నెరిగిన పశువైద్యుడు ఎక్సురే చూచి చెప్పవలెను. జాగు కూడదు; వంగిన యెముక మరల తిన్నబడుట అరుదు. ఆడుదైనచో గ్రుడ్లు దిగక నీరసించినదేమో ఆనాడే చూపింపుడు, అది ప్రాణాంతకము. వైద్యుని యొద్దకు చేరులోపల కొమ్మలను క్రిందికి దించి, అడుగున మెత్తని గుడ్డ పరచుడు.