అటక మీది సిపాయి... ఖరీదెంత?

దసరా ముందు బూజు దులపడం మొదలైతే అటక మీది పాత ట్రంకుపెట్టె కిందికి దిగాల్సిందే. సూర్యాపేటలోనో, కోదాడలోనో ఆ పెట్టెలో స్కూలు పుస్తకాల అడుగున జానెడు కూడా లేని ప్లాస్టిక్ సిపాయి దొరికాడనుకోండి. పాతసామాన్లవాడికి వేసేయమంటుంది అమ్మ. లక్షలు పలుకుతుందేమో అంటాడు ఇంటర్నెట్ చూసిన కొడుకు. ఇద్దరిదీ తొందరే! బొమ్మను తిప్పి చూస్తే చాలా సంగతులు అదే చెబుతుంది.

ముందు పుట్టుపూర్వోత్తరాలు. అమెరికా కంపెనీ హాస్‌బ్రో 1964లో తెచ్చిన జీఐ జో పన్నెండు అంగుళాల బొమ్మ. 'యాక్షన్ ఫిగర్' అన్న మాట దాంతోనే వాడుకలోకి వచ్చింది. 1978లో స్టార్‌వార్స్ బొమ్మలు 3.75 అంగుళాల్లో వచ్చి విపరీతంగా అమ్ముడయ్యాయి. 1982లో జీఐ జో కూడా ఆ కొలతకే తగ్గాడు. లేజర్ తుపాకి పట్టిన 'ఫ్లాష్' ఆ ఏడాది జట్టులోని వాడే. మన దేశంలో 1987లో మొదలైన ఫన్‌స్కూల్ జీఐ జో బొమ్మల్ని ఇక్కడే తయారుచేసి అమ్మింది. కాబట్టి మిర్యాలగూడలో దొరికిన సిపాయిని అమెరికా మేనమామే తెచ్చి ఉండాలనేం లేదు. అలాగని అసలుదేననీ అనుకోవద్దు, పెద్దగట్టు జాతరలో కొన్న నకలు కూడా కావచ్చు.

ఆ తేడా పట్టివ్వడంలో మొదటి సాక్షి నడుం వెనకో, కాలి వెనకో ఉండే ముద్ర. అందులో కంపెనీ పేరు, సంవత్సరం ఉంటాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ సంవత్సరం నమూనా మీద హక్కులకు సంబంధించింది. బొమ్మ ఆ తర్వాత ఎన్నేళ్లకైనా తయారై ఉండొచ్చు.

రెండోది ఒళ్లు. ఆనాటి చిన్న జీఐ జో నడుములో రబ్బరు రింగు ఉంటుంది. అది ఎండిపోతే కాళ్లు వేలాడతాయి. కంగారేం లేదు, వీపు మీది స్క్రూ విప్పి కొత్తది వేయొచ్చు. బొటనవేలు విరిగితే మాత్రం అతకడం కష్టం. తుపాకిని బలవంతంగా చేతిలో దూర్చేది అందుకే వద్దనేది! తెల్ల ప్లాస్టిక్ ఎండకు పసుపుపచ్చగా మారినా ధర తగ్గుతుంది. కొత్తగా రంగు పూస్తే బొమ్మ మెరుస్తుంది, విలువ పోతుంది.

మూడోది సరంజామా. ఫ్లాష్‌కి హెల్మెట్, ముఖానికి అద్దం, వీపున సంచీ, దాన్నుంచి తుపాకికి వెళ్లే సన్నని గొట్టం ఉండాలి. ఇలాంటి చిల్లర వస్తువులే ముందు పోతాయి. అందుకే అన్నీ ఉన్న బొమ్మకీ, ఒంటరి సిపాయికీ ధరలో అంత తేడా. అట్ట కూడా విప్పని బొమ్మయితే ఇంకా ఎక్కువ. తర్వాత పోతపోసిన నకలు తుపాకులూ బజారులో ఉన్నాయి, జాగ్రత్త.

చివరిది ధర. అమ్మేవాడు ఎంతైనా అడుగుతాడు. అది విలువ కాదు. అలాంటి బొమ్మే, అదే స్థితిలో, నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడాలి. ఒక్కటి చూసి నిర్ణయానికి రాకుండా నాలుగైదు అమ్మకాలు పోల్చుకోవాలి.

ఆ తర్వాత అమ్ముకోవడమా, అద్దాల బీరువాలో నిలబెట్టడమా అన్నది ఇంటివాళ్ల ఇష్టం. ఈలోగా పాతసామాన్లవాడి చేతికి మాత్రం ఇవ్వొద్దు. ఆ తక్కెడలో లేజర్ సిపాయి అయినా, పగిలిన మగ్గు అయినా ఒకటే లెక్క!