ముంపు గీతను కళ్లకు కట్టేదెవరు?

నిర్మాణరంగంలో కొత్త పరిజ్ఞానం.. గోదావరి తీరంలో పాత సందేహం

భద్రాచలం: పోలవరం జలాశయం పూర్తిగా నిండితే నీరు ఎంతవరకు వస్తుంది? ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని గోదావరి తీర గ్రామాల్లో ఏళ్ల తరబడి వినిపిస్తున్న ప్రశ్న ఇది. దీనికి అధికారుల వద్ద అంకెల్లో సమాధానం ఉంది. 45.72 మీటర్లు, 41.15 మీటర్లు, 150 అడుగులు, 135 అడుగులు... ఇవన్నీ పటాల మీద గీతలుగా ఉన్నాయి. ఆ గీత తన ఇంటి గోడ మీద ఎక్కడ పడుతుందో, పొలం గట్టుకు ఇవతల ఆగుతుందో అవతల ఆగుతుందో పటాన్ని చూసి పోల్చుకోవడం సామాన్య గిరిజన రైతుకు సాధ్యం కాదు.

కట్టబోయే కట్టడాన్ని కట్టకముందే, అది లేవబోయే చోటనే చూపించే పరిజ్ఞానం నిర్మాణరంగంలోకి వచ్చి చాలాకాలమైంది. దానిని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటున్నారు. సంక్షిప్తంగా ఏఆర్. ఇంజనీర్ల పనికి తోడ్పడుతున్న ఈ సాధనం ముంపు ప్రాంత ప్రజలకు కూడా ఉపయోగపడగలదు. అయితే అది కొలిచినదాన్నే చూపుతుంది. కొలవనిదాన్ని, కొలిచి దాచినదాన్ని చూపలేదు. గోదావరి తీరంలో అసలు చిక్కంతా ఆ కొలతల దగ్గరే ఉంది.

ఏమిటీ పరిజ్ఞానం?

విమాన తయారీ సంస్థ బోయింగ్‌లో పనిచేసిన టామ్ కాడెల్ 1990లో ఈ పేరు పెట్టారు. విమానాల్లో వైర్లు అమర్చే కార్మికుడు మాటిమాటికీ కాగితపు నమూనా చూసుకోనక్కరలేకుండా, ఏ వైరు ఎటు పోవాలో అతని కళ్లముందే కనిపించేలా చేయాలన్నది అప్పటి ఆలోచన. అదే ఆలోచన తర్వాత నిర్మాణస్థలాలకు చేరింది. భవనం లేదా వంతెన నమూనాను కంప్యూటర్‌లో మూడు కొలతల్లో తయారు చేస్తారు. ఇంజనీరు నిర్మాణస్థలంలో నిలబడి ఫోన్ లేదా ట్యాబ్లెట్ కెమెరా తెరిస్తే ఎదుట ఉన్న నేల, గోడలు, చెట్లతో పాటు ఇంకా కట్టని స్తంభం, భూమిలో పాతిన పైపు కూడా తెరపై వాటి స్థానంలోనే కనిపిస్తాయి. తలకు తొడుక్కునే కళ్లజోళ్లతోనూ ఇదే పని జరుగుతుంది.

దీనివల్ల ప్రయోజనం స్పష్టం. స్లాబు వేశాక పైపు కోసం దాన్ని పగులగొట్టే అవసరం తప్పుతుంది. స్తంభంలో ఇనుప చువ్వలు నమూనా ప్రకారం కట్టారా లేదా అన్నది కాంక్రీటు పోయకముందే సరిపోల్చవచ్చు. ఆరుబయట జరిగే పనులకు ఉపగ్రహ స్థాననిర్ణయ పరికరాలతో కలిపి వాడే ఏఆర్ సాధనాలు 2019 నుంచి విపణిలో ఉన్నాయి. దుమ్ముగూడెం వద్ద గోదావరి నీటిని మళ్లించే సీతారామ ఎత్తిపోతల వంటి పథకంలో కాలువ గట్టు ఏ పొలం మీదుగా పోతుందో తవ్వకానికి ముందే రైతుకు చూపడం ఇటువంటి సాధనాలతో అసాధ్యం కాదు.

ఒకే నీరు.. రెండు అంకెలు

ఇంత సులువుగా చూపగలిగినప్పుడు ముంపు గీత విషయంలో గందరగోళం ఎందుకు? మొదటి కారణం అంకెల్లోనే ఉంది. భద్రాచలం వాసులకు గోదావరి మట్టం అంటే స్నానఘట్టాల వద్ద అధికారులు ప్రకటించే అడుగులే. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. పోలవరం పూర్తి నిల్వ మట్టం మాత్రం 150 అడుగులు. ఈ రెంటినీ పక్కపక్కన విన్నవారికి, 150 అడుగుల నీరు ఊరి మీద పడుతుందన్న భయమైనా కలుగుతుంది, ఆ లెక్క తమకు సంబంధించినది కాదన్న నిర్లక్ష్యమైనా కలుగుతుంది.

వాస్తవానికి ఇవి రెండు కొలమానాలు. పోలవరం లెక్క సముద్ర మట్టం నుంచి మొదలవుతుంది. భద్రాచలం లెక్క స్థానిక కొలబద్ద సున్నా నుంచి మొదలవుతుంది. భద్రాచలంలో 43 అడుగుల హెచ్చరిక మట్టాన్ని కేంద్ర జలసంఘం సముద్ర మట్టానికి 45.72 మీటర్లుగా లెక్కిస్తుంది. 45.72 మీటర్లంటే సరిగ్గా 150 అడుగులే. అంటే పోలవరం పూర్తి నిల్వ మట్టం, భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక మట్టం ఒకే ఎత్తులో ఉన్నాయి. తొలిదశలో నిల్వ చేయదలచిన 41.15 మీటర్లు, అంటే 135 అడుగులు, భద్రాచలం కొలబద్దపై 28 అడుగులకు సమానం.

జలాశయం నిండుగా ఉన్నప్పుడు భద్రాచలం వద్ద నది ఏటా ఎంతకాలం హెచ్చరిక మట్టం దగ్గరే నిలుస్తుందన్న ఆందోళనకు మూలం ఇదే. 1986 ఆగస్టులో ఇక్కడ గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జులై 16న 71.3 అడుగులు నమోదైంది. ఆ వరదకు పోలవరమే కారణమని తెలంగాణ మంత్రులు, కాదని ఆంధ్రప్రదేశ్ మంత్రులు వాదించుకున్నారు. వాదనలో నిజానిజాలు ఎలా ఉన్నా, రెండు కొలమానాలనూ ఒకేచోట కలిపి ప్రజలకు చూపే ఏర్పాటు లేని లోటు అప్పుడు కొట్టొచ్చినట్లు బయటపడింది.

మారుతున్న గీతలు

రెండో కారణం, గీత ఒకచోట నిలవకపోవడం. పోలవరం ముంపు పేరుతోనే 2014లో అప్పటి ఖమ్మం జిల్లా నుంచి కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఒకే వాగుకు చెరోవైపు ఉన్న ఊళ్లు రెండు రాష్ట్రాల పాలైనాయి. నీటికి మాత్రం సరిహద్దు లేదు.

ఆ తర్వాత లేజర్ కిరణాలతో నేల ఎత్తును కొలిచే లైడార్ సర్వే జరిగింది. ఆకాశం నుంచి పంపిన కిరణాల్లో కొన్ని చెట్ల ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగి వస్తాయి కనుక అడవిలోనూ భూమి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 41.15 మీటర్ల మట్టంలోకి అదనంగా 36 ఆవాసాలు కూడా వస్తాయని ఈ సర్వేలో తేలినట్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో కేంద్రానికి విన్నవించింది. కొలిచే పద్ధతి మారగానే నిన్నటివరకు తొలిదశ ముంపులో లేని ఊరు నేడు ముంపులోకి వచ్చిందన్నమాట.

తెలంగాణ వైపు కథ వేరు. జలాశయంలో నీరు నిలిస్తే గోదావరిలో కలిసే కిన్నెరసాని, దాని ఉపనది ముర్రేడు వంటి వాగులు వెనక్కి తన్నుతాయని, వాటి వెంట ముంపు గీతను ఉమ్మడి సర్వేతో గుర్తించాలని రాష్ట్ర ప్రభుత్వం కోరుతూ వచ్చింది. 2025 జనవరిలో ఐఐటీ హైదరాబాద్ సహకారంతో ఈ ప్రభావంపై అధ్యయనం జరిపించాలని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అధికారులను ఆదేశించారు. వరద వేళ నది నీరు చెరువు నీటిలా సమతలంగా ఉండదు. ఆనకట్ట వద్ద కన్నా ఎగువన ఎత్తుగా ఉంటుంది. కాబట్టి 150 అడుగుల సమోన్నత రేఖ ఒక్కటే ముంపు గీత కాజాలదు.

అర మీటరు తప్పితే..

ఇటువంటి పరిస్థితిలో ఒక గ్రామానికి వెళ్లి ఫోన్ తెరపై నీలిరంగు నీటిని చూపడం సాంకేతికంగా కష్టం కాదు. అది నమ్మదగినదా అన్నదే ప్రశ్న. మామూలు ఫోన్ తన స్థానాన్ని గుర్తించడంలో కొన్ని మీటర్ల వరకు పొరబడుతుంది. ఎత్తు విషయంలో ఆ తేడా మరింత ఎక్కువ. పైగా ఉపగ్రహాలు లెక్కించే ఎత్తు వేరు, సముద్ర మట్టం నుంచి కొలిచే ఎత్తు వేరు. మన ప్రాంతంలో ఈ రెంటికీ పదుల మీటర్ల వ్యత్యాసం ఉంటుంది. దాన్ని సరిచేయకుండా చూపితే బొమ్మ అంతా తప్పే.

గోదావరి ఒడ్డు భూములు చాలాచోట్ల వాలు తక్కువైనవి. 200 అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న పొలంలో ఎత్తు కొలత అర మీటరు తప్పితే నీటి అంచు 100 మీటర్లు జరుగుతుంది. ఒక వీధికి వీధే ముంపులోకి వస్తుంది, లేదా జాబితా నుంచి తప్పిపోతుంది. పరిహారం, ఇంటి స్థలం, పునరావాస కాలనీలో చోటు, ఇవన్నీ ఆ గీతపైనే ఆధారపడి ఉంటాయి. సెంటీమీటర్ల స్థాయిలో కచ్చితత్వం కావాలంటే దిద్దుబాటు సంకేతాలు అందుకునే సర్వే పరికరాలుండాలి, ఊరూరా సరిచూసిన ఎత్తుతో పాతిన గుర్తు రాళ్లుండాలి. దట్టమైన చెట్ల కింద ఉపగ్రహ సంకేతాలు బలహీనపడతాయి. లోపలి గూడేల్లో సెల్ సిగ్నల్ అందని చోట్లూ ఉంటాయి. అందువల్ల రాళ్లు పాతే పని ముందు, తెర చూపే పని తర్వాత జరగాలి.

పటమే లేని చోట

కొలత, పటం లేకపోతే ఈ పరిజ్ఞానం ఎంత నిస్సహాయమో భద్రాచలం పట్టణంలో జరిగిన విషాదం కూడా చెబుతోంది. 2025 మార్చి 26న ఇక్కడ నిర్మాణంలో ఉన్న ఆరంతస్తుల భవనం కుప్పకూలి ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. దానికి అనుమతులు లేవని అధికారులు ప్రకటించారు. షెడ్యూల్డ్ ప్రాంతమైనందున ఇక్కడ 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, వాటిని కఠినతరం చేసిన 1970 సవరణ అమల్లో ఉన్నాయి. ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా అందరూ పిలిచేది దీనినే. భూమి హక్కు స్పష్టంగా లేని చోట అనుమతి రాదు. అయినా కట్టడాలు లేస్తూనే ఉంటాయి.

నిర్మాణ తనిఖీలో ఏఆర్ చేసే పని ఒక్కటే. ఆమోదించిన నమూనాను, కట్టిన కట్టడాన్ని పక్కపక్కన పెట్టి తేడా చూపడం. ఆమోదించిన నమూనాయే లేకపోతే పోల్చడానికి ఏముంది? ఎంత ఖరీదైన కళ్లజోడైనా అక్కడ మామూలు గాజు ముక్కే. గడచిన కొన్నేళ్లలో ఈ పరికరాల్లో పేరుమోసిన హోలోలెన్స్ ఉత్పత్తిని మైక్రోసాఫ్ట్ సంస్థ 2024లో నిలిపివేసింది. పరికరాలు వస్తుంటాయి, పోతుంటాయి. నిలిచేది కొలతలు, పటాలే. ఖర్చు పెట్టవలసింది ముందుగా వాటి మీదే.

గ్రామసభ ముందుకు రావాలి

ఈ ప్రాంతంలో కొలతలను బయటపెట్టడం దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూసేకరణకు, పునరావాసానికి ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. భూసేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలని 2013 భూసేకరణ చట్టం మరింత స్పష్టం చేసింది. చదవలేని పటం మీద తీసుకున్న సంతకం సమ్మతి అనిపించుకోదు. తన ఇంటి ముందు నిలబడి నీరు ఎంతవరకు వస్తుందో చూసిన మనిషి అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. పునరావాస కాలనీలో ఇంటి పునాది తీయకముందే గది ఎంత ఉంటుందో, పశువుల పాక వేసుకునేందుకు పెరడు మిగులుతుందో లేదో స్థలంలోనే చూడగలిగితే మార్పులు కోరే అవకాశమూ దక్కుతుంది.

ఇందుకు చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. రెండు రాష్ట్రాలూ కలిసి ఉమ్మడి సర్వే ముగించి, ఆ వివరాలను అందరికీ అందుబాటులో ఉంచాలి. ప్రతి ఆవాసంలో సముద్ర మట్టం లెక్కనూ భద్రాచలం కొలబద్ద లెక్కనూ పక్కపక్కన చెక్కిన గుర్తు రాయి పాతాలి. తెరపై 41.15, 45.72 మీటర్ల మట్టాలతో పాటు 2022 వరద మట్టాన్నీ చూపాలి. ఎందుకంటే ఆ నీటిని జనం స్వయంగా చూశారు. తెరపై బొమ్మ నిజమో కాదో తేల్చగల సాక్షులు వారే. కొలతలో పొరపాటుకు అవకాశం ఉన్నంత మేర సన్నని గీతకు బదులు వెడల్పాటి పట్టీగా చూపి, ఆ పట్టీలో పడిన ఇళ్లను నేల మీద మళ్లీ కొలవాలి. వివరణ తెలుగులోనూ కోయ భాషలోనూ ఉండాలి. ప్రదర్శన ముగిశాక అదే గీతను బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద రంగుతో వేయాలి. ఫోన్ లేనివారికీ, మరునాడు అనుమానం వచ్చినవారికీ అదే ఆధారం.

కొత్త పరిజ్ఞానాన్ని ప్రభుత్వాలు తరచుగా సమావేశ మందిరాల్లో, నమూనా ప్రదర్శనల్లో చూపి సంతృప్తి పడుతుంటాయి. గోదావరి తీరంలో దాని విలువ తేలేది గ్రామసభలోనే. అధికారి తెరపై చూపిన గీతకూ, ఊరివాళ్లు 2022లో తమ గోడలపై చూసిన నీటి మరకకూ పొంతన కుదిరిన రోజున కొలతలపై నమ్మకం కుదురుతుంది. కుదరని పక్షంలో సరిదిద్దవలసింది తెరను కాదు, సర్వేను.